బెల్టు కింద చిక్కుకున్న చాకు

కొత్తగా కొన్న మడత చాకును క్లిప్పుతో ప్యాంటు జేబుకు తగిలించుకోండి. కారులో కూర్చుని సీటు బెల్టు పెట్టుకోండి. ఇప్పుడు ఆ చాకు బయటికి తీయండి చూద్దాం. నేను మొదటిసారి ప్రయత్నించినప్పుడు రాలేదు. నడుం మీదుగా వెళ్ళే బెల్టు సరిగ్గా జేబు మూతి మీద కూర్చుంది. నేను కదిలినకొద్దీ క్లిప్పు ఇంకాస్త లోపలికి నొక్కుకుంది. బండి ఆగి ఉంది, వెలుతురు ఉంది, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, కంగారేమీ లేదు. అయినా పావు నిమిషం పైనే పట్టింది. బెల్టు కోయడానికని కొన్న కత్తి ఆ బెల్టు కిందే ఇరుక్కుంటే, దాన్ని ఏ ఉక్కుతో చేశారన్నది ఎవరిక్కావాలి?

రెస్క్యూ నైఫ్, అంటే ఆపదలో పట్టీ కోసి, అద్దం పగలగొట్టి మనిషిని బయటికి తేవడానికని చేసే కత్తి, కొనేవాళ్ళు మామూలుగా అడిగే ప్రశ్నలు మూడు: ఉక్కు ఏది, పొడవెంత, ఏ కంపెనీది. అవి అడగాల్సినవే, కానీ తర్వాత. ముందు తేల్చుకోవాల్సినవి రెండు. దీనితో ఏం కోస్తాం, ఏం పగలగొడతాం? ఆ సమయానికి ఇది ఎక్కడుంటుంది? ఈ రెండూ తేలితే సగం కత్తులు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. కొందరి విషయంలో అసలు కత్తే అక్కర్లేదని కూడా తేలవచ్చు.

ఆపదలో కత్తి చేయాల్సిన పనులు లెక్కపెడితే పెద్దగా లేవు. బిగుసుకున్న పట్టీనో, తాడునో, వలనో కోయాలి. అద్దం పగలాలి. గాయం కనబడేలా బట్టలు కోయాలి. వీటిలో అలుగు, అంటే కత్తి కోసే భాగం, సూటిగా పనికొచ్చేది మొదటిదానికే. అద్దానికి కావలసింది అలుగు కాదు, పిడి చివర ఉండే గట్టి మొన. బట్టలకు కత్తెర మేలు. అంటే రెస్క్యూ నైఫ్ అని అమ్మేది నిజానికి మూడు పనిముట్ల మధ్య కుదిర్చిన రాజీ. రాజీలో ఎవరు ఎంత వదులుకున్నారో తెలియకుండా కొనకూడదు.

అద్దం సంగతి

ముందు అద్దం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అపోహలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

కారు అద్దాలన్నీ ఒక జాతివి కావు. ముందు అద్దం లామినేటెడ్ రకం, అంటే రెండు గాజు పలకల నడుమ పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. దీని పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. 1903లో ఎడ్వార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చేతిలోంచి ఒక గాజు కుప్పె జారి పడింది. పగిలింది గానీ ముక్కలు చెదరలేదు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టుకుని ఉంది. 1909లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. రాయి తగిలినప్పుడు ముందు అద్దం సాలెగూడులా బీటలు వారి అక్కడే నిలబడిపోయేది ఆ పొర వల్లే. ప్రయాణంలో అది మన ప్రాణం కాపాడుతుంది. బయటపడాల్సినప్పుడు మాత్రం అదే అడ్డుగోడ.

పక్క అద్దాలు చాలా బళ్ళలో టెంపర్డ్ రకం. గాజును సుమారు 620 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, రెండు వైపులా గాలి కొట్టి చప్పున చల్లారుస్తారు. పైపొర ముందే బిగుసుకుపోతుంది. లోపలిది తర్వాత నిదానంగా చల్లారుతూ కుంచించుకోబోతుంది, కానీ అప్పటికే గట్టిపడ్డ పైపొర దాన్ని కుంచించుకోనివ్వదు. ఈ పెనుగులాట అద్దంలో శాశ్వతంగా ఉండిపోతుంది: పైన నొక్కుడు, లోపల లాగుడు. నొక్కుడులో ఉన్న పొర ఒక్కో వైపు మొత్తం మందంలో దాదాపు ఐదో వంతు ఉంటుంది. అంటే 4 మిల్లీమీటర్ల అద్దంలో 0.8 మిల్లీమీటర్లు. చిన్నచిన్న గీతలు ఆ పొరలోనే ఆగిపోతాయి కాబట్టి ఈ గాజు మామూలు గాజు కన్నా ఎంతో గట్టిది. కానీ పగులు ఒక్కటి ఆ పొర దాటి లోపలి లాగుడులోకి అడుగుపెట్టిందా, ఇక ఆపేవాళ్ళు లేరు. సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో నలుదిక్కులా పాకి, రెప్పపాటులో అద్దమంతా గింజలు గింజలుగా మారిపోతుంది.

ఇది అర్థమైతే మోచేత్తో గుద్దడం, కాలితో తన్నడం ఎందుకు తేలిపోతాయో అర్థమవుతుంది. బలం చాలక కాదు, ఆ బలమంతా అరచేతి వెడల్పున పరుచుకుపోయి ఎక్కడా 0.8 మిల్లీమీటర్ల లోతు చేరదు. కావలసింది సూదిమొనంత చోట పడే దెబ్బ. ఆ మొన గాజు కన్నా గట్టిదై ఉండాలి. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద గాజు ఐదున్నర దగ్గర, గట్టిపరిచిన కత్తి ఉక్కు ఆరు పైచిలుకు, టంగ్‌స్టన్ కార్బైడ్ తొమ్మిది దగ్గర ఉంటాయి. చాకు పిడి చివర చిన్న శంకువులా పొదిగిన బూడిదరంగు మొన కార్బైడ్‌దైతే పని జరుగుతుంది. పిడినే కాస్త సన్నగా చెక్కి ‘గ్లాస్ బ్రేకర్’ అని పేరు పెట్టిన చాకులూ ఉన్నాయి. వాటిని నేను లెక్కలోకి తీసుకోను.

పాత బళ్ళు విప్పి భాగాలు తీసే చోట ఒకసారి నన్ను ఒక తలుపు అద్దం మీద ప్రయత్నించనిచ్చారు. కళ్ళద్దాలు, తొడుగులు వేసుకుని, చాకు మూసే ఉంచి, అద్దం నడిమధ్యన కొట్టాను. ఠంగుమంది, చెయ్యి వెనక్కి వచ్చింది, అద్దం మీద చిన్న తెల్ల చుక్క మాత్రం పడింది. నడుమ అద్దానికి వంగే వీలుంటుంది, దెబ్బను అది మింగేస్తుంది. రెండో దెబ్బ కింది మూలకు, అంచు నుంచి నాలుగు వేళ్ళ దూరంలో వేశాను. ఈసారి చప్పుడు కూడా పెద్దగా రాలేదు. అద్దం ఒక్కసారిగా తెల్లబడి, ఆ తర్వాత జలజలా రాలింది. చెయ్యి మాత్రం ఆ ఊపులో అటువైపు దాకా వెళ్ళిపోయింది. తొడుగు లేకపోతే మణికట్టు మీద గీరుకుపోయేది. అందుకే దెబ్బ వేయగానే చెయ్యి వెనక్కి లాక్కోవాలి. దీన్ని ముందే అనుకుని ఉంచుకోవాలి, ఎందుకంటే తొడుగులు వెతుక్కునే తీరిక అప్పుడుండదు.

ఇప్పుడు అసలు చిక్కు. పక్క అద్దాలు కూడా లామినేటెడ్‌వి వచ్చే బళ్ళు పెరుగుతున్నాయి. ప్రమాదంలో మనిషి కిటికీలోంచి బయటికి విసిరేసినట్టు పడిపోకుండా ఆపుతాయని, రోడ్డు చప్పుడు తగ్గిస్తాయని వాటిని పెడుతున్నారు. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఆరు పరికరాలను పరీక్షించింది. మూడు సుత్తి రకం, మూడు స్ప్రింగు రకం, అంటే అద్దానికి ఆనించి నొక్కితే స్ప్రింగు మొనను విసిరేవి. టెంపర్డ్ అద్దాన్ని వాటిలో నాలుగు పగలగొట్టాయి. లామినేటెడ్ అద్దం దగ్గర ఆరూ ఓడిపోయాయి. అమెరికాలో 2018 మోడళ్ళలో దాదాపు మూడింట ఒక వంతుకు పక్క అద్దాలు లామినేటెడ్‌వని కూడా అదే సంస్థ చెప్పింది. అంటే ఎంత మంచి కార్బైడ్ మొన ఉన్నా, మీ బండి అద్దం ఏ రకమో తెలియకపోతే అది అరచేతిలో బరువు తప్ప ఇంకేమీ కాదు.

తెలుసుకోవడం కష్టం కాదు. అద్దం మూలన చిన్న అచ్చు ఉంటుంది. చాలావాటి మీద టెంపర్డ్ అనో లామినేటెడ్ అనో మాటే రాసి ఉంటుంది. లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో చూడొచ్చు. నాలుగు తలుపులూ చూడాలి, వెనక అద్దం కూడా చూడాలి. ముందు తలుపులకు లామినేటెడ్, వెనక తలుపులకు టెంపర్డ్ ఉండే బళ్ళున్నాయి. అప్పుడు బయటపడే దారి వెనక సీటు మీదుగా ఉంటుంది. ఈ సంగతి ముందే తెలిసుండడం ఏ చాకు కన్నా విలువైనది, పైగా దీనికి ఖర్చు లేదు.

లామినేటెడ్ అద్దాన్ని కోయాలంటే రంపం కావాలి. విక్టోరినాక్స్ రెస్క్యూ టూల్‌లో ఇందుకోసమే ఒక రంపం పెట్టారు. ముందు మొనతో అద్దానికి చిల్లు పెట్టి, ఆ చిల్లులో రంపం దూర్చి కోసుకుంటూ పోవాలి. బయట నిలబడి లోపలివాళ్ళను తీసేవాళ్ళకు అది పనికొస్తుంది. లోపల ఇరుక్కున్నవాళ్ళకు, అందులోనూ నీళ్ళు ఎక్కుతున్నప్పుడు, అంత సమయం ఉండదు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మునిగే బళ్ళ మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. నీళ్ళలో పడ్డ బండి సుమారు ఒక నిమిషం తేలుతుందని, బయటపడాల్సింది ఆలోపేనని ఆయన చెప్పేది. వరస కూడా చెప్పాడు: బెల్టులు, కిటికీలు, ఆ తర్వాత బయటికి, అదీ పిల్లలు ముందు. తలుపు జోలికి వెళ్ళొద్దంటాడు. లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. చదరపు మీటరు తలుపు మీద సగటున అర మీటరు లోతు నీళ్ళుంటే దాన్ని అవతలి నుంచి నొక్కే బరువు 500 కిలోలు. మొదటి నిమిషంలో విద్యుత్ కిటికీలు మామూలుగా పనిచేస్తూనే ఉంటాయి. మీట నొక్కితే దిగిపోయే అద్దాన్ని పగలగొట్టడానికి చాకు వెతుక్కోవడం గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమే. కిటికీ దిగనప్పుడు మాత్రం స్ప్రింగు రకం మొన సుత్తి కన్నా నయం. నీళ్ళలో చెయ్యి ఊపితే ఊపు రాదు, స్ప్రింగుకు ఆ ఇబ్బంది తక్కువ.

పట్టీ, పళ్ళు, కొక్కెం

మూడు చోట్ల కట్టుకునే సీటు బెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. అది పాలియెస్టర్ నేత. అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 209 ప్రకారం ఒంటికి తగిలే చోట వెడల్పు 46 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నడుం భాగం 22,241 న్యూటన్ల లాగుడు తట్టుకోవాలి, అంటే రెండు టన్నుల పైచిలుకు బరువు వేలాడదీసినట్టు. ఇంత గట్టి పట్టీని కోయడం కష్టమనిపిస్తుంది. కష్టమూ కాదు, తేలికా కాదు. అంతా అది బిగువుగా ఉందా వదులుగా ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఒక పాత బెల్టు ముక్క సంపాదించి బల్ల మీద వదులుగా పరిచి, కాగితం కోసేంత పదునున్న నున్నటి అంచుతో కోయబోయాను. పట్టీ చాకుతోపాటు నడిచొచ్చింది. నొక్కితే మడత పడింది, మడతను కోస్తే సగంలో ఆగింది. అదే ముక్క ఒక చివరను బిగించి, రెండో చివర ఎడమ చేత్తో లాగిపట్టి, అంచును కాస్త ఏటవాలుగా పెట్టి ఒక్క గుంజు గుంజితే తెగిపోయింది. అదే వదులు పట్టీ మీద పళ్ళ అంచు పెట్టి చూశాను. ఒక్కో పన్ను కొన్ని పోగుల్ని పట్టుకుని అక్కడికక్కడే తెంచుతుంది కాబట్టి పట్టీ జారలేదు, నాలుగు గుంజులకు తెగింది. పైరు కోసే కొడవలికి పళ్ళు ఎందుకు పెడతారో, బెల్టు కోసే కత్తికి పళ్ళు పెట్టేదీ అందుకే. తడి తాళ్ళు, చేపల వలలు, డైనీమా లాంటి జారుడు పోగుల దగ్గర ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఈ రెండింటికన్నా నాకు నచ్చింది మూడోది. కొక్కెం ఆకారంలో ఉండి, లోపలి వంపులో మాత్రమే పదునుండే బెల్టు కట్టర్. దీన్ని పట్టీకి తగిలించి లాగితే చాలు. గురి అక్కర్లేదు, పళ్ళ దిశ చూసుకోనక్కర్లేదు, చీకట్లో తడుముకుంటూ కూడా కోయొచ్చు. ముఖ్యంగా పదును మనిషి వైపు ఉండదు. కొన్ని మడత చాకుల పిడిలోనే ఈ కొక్కెం ఉంటుంది. బెంచ్‌మేడ్ ట్రియాజ్ అలాంటిది: అలుగు, కొక్కెం, కార్బైడ్ మొన, మూడూ ఒకే పిడిలో. ఒక లోపముంది. కొక్కెం వంపు చిన్నది కాబట్టి పదును పోతే ఇంట్లో సానపట్టడం చికాకు. పదును మార్చుకునే వీలున్న రకాలు అందుకే మంచివి.

కోసే ముందు బకిల్ నొక్కి చూడాలి. చాలాసార్లు అది వచ్చేస్తుంది. కంగారులో ఈ పని మర్చిపోవడం మామూలే. బండి తలకిందులైతే మనిషి బెల్టు మీదే వేలాడుతుంటాడు. తల, భుజాలు పట్టుకోకుండా నడుం పట్టీ కోస్తే నేరుగా మెడ మీద పడతాడు. పట్టీనే కోయాలి గానీ తలుపు పక్క స్తంభం లోపలికి కత్తి పోనివ్వకూడదు. బెల్టును బిగించే ప్రీటెన్షనర్లు, ఎయిర్‌బ్యాగు గ్యాసు గొట్టాలు అక్కడుండొచ్చు.

మొన లేకపోవడమే మేలు

అసలైన రెస్క్యూ కత్తికి మొన ఉండదు. వెన్ను ముందుకొచ్చి గుండ్రంగా కిందికి దిగి, అంచును కలుసుకుంటుంది. గొర్రె గిట్టను పోలిన ఆకారం కాబట్టి షీప్స్‌ఫుట్ అంటారు. ఓడల మీద నావికులు ఇలాంటివే వాడేవారు. ఊగిపోయే ఓడలో తాళ్ళు కోసేవాడి చేతిలో సూది మొనున్న కత్తి ఉంటే తాడు కన్నా ముందు పక్కవాడు తెగుతాడు. బండిలో ఇరుక్కున్నవాడి ఛాతీకి, పట్టీకి మధ్య అలుగు దూర్చేటప్పుడూ అంతే. మొండి ముక్కు చర్మం మీద జారుకుంటూ పోతుంది, వాడి మొన దిగబడుతుంది.

కానీ దుకాణాల్లో రెస్క్యూ పేరుతో కనిపించే చాకుల్లో సగం నల్లగా, ఈటె మొనతో, యుద్ధానికి వెళ్తున్నట్టుంటాయి. వాటిని చూసి నాకు నవ్వొస్తుంది. నల్ల పిడి చీకట్లో సీటు కింద పడితే ఎవరికి కనిపిస్తుంది? కాపాడడానికి పనికొచ్చే పిడి నారింజ రంగులోనో, పసుపులోనో, చీకట్లో మెరిసేదిగానో ఉంటుంది. అగ్నిమాపక సిబ్బంది పనిముట్లు చూడండి, అందంకోసం వేసిన రంగులు కావవి.

బట్టలు కోయాల్సింది మీరే అయితే, అంటే ప్రథమ చికిత్స నేర్చుకున్నవాళ్ళయితే, ట్రామా కత్తెర తీసుకోండి. కింది దవడ చివర చదునుగా ఉంటుంది, చర్మం మీద జారుతూ జీన్సు గుడ్డను కూడా కోసేస్తుంది. లెదర్‌మ్యాన్ రాప్టర్ ఈ కత్తెరనే మడిచి పెట్టుకునేలా చేసింది. దానికి పట్టీ కట్టర్, ఉంగరం కోసే భాగం, అద్దం పగలగొట్టే మొన కూడా ఉన్నాయి. అంబులెన్సు పనిలో ఉన్నవాళ్ళు అలుగున్న చాకు కన్నా దీన్నే ఇష్టపడతారంటే ఆశ్చర్యం లేదు.

రోజువారీ పని వచ్చేసరికి

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ సంగతి తిరగబడింది, ఒకే కత్తిలో రెండు పనులు ఇమడవు. రోజూ చేసే పనులేంటి? అట్టపెట్టెలు విప్పడం, టేపు కోయడం, తాడు ముక్క చేయడం, పెన్సిలు చెక్కడం. వీటికి నున్నటి అంచు, కాస్త మొన కావాలి. పళ్ళ అంచు అట్టను చీలుస్తుంది, చెక్కను గీరుతుంది. మొండి ముక్కుతో టేపులో గుచ్చలేం. ఆపద వేళ కావలసినవి సరిగ్గా వీటికి వ్యతిరేకం.

ఇంకో ఇబ్బంది కంటికి కనిపించదు. అట్ట చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ దానిలోని ధూళి, రేణువులు పదును తినేస్తాయి. టేపు జిగురు అలుగుకు అంటుకుని నూగు పోగేసుకుంటుంది. నెల రోజులు పెట్టెలు కోసిన చాకుతో బెల్టు ముక్క కోయబోతే ఆ నెల ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. సగం నున్న, సగం పళ్ళు ఉన్న అంచును దీనికి మధ్యేమార్గంగా అమ్ముతారు. పొడవాటి అలుగు మీద అది ఫరవాలేదు. ఏడెనిమిది సెంటీమీటర్ల అలుగు మీద మాత్రం రెండూ చాలీచాలనంతే మిగులుతాయి. నీళ్ళ దగ్గర, పడవల మీద, తాళ్ళతో పనిచేసేవాళ్ళకు నేనైతే పూర్తి పళ్ళ అంచే చెబుతాను. వాళ్ళ రోజువారీ పనీ తాడే, ఆపద పనీ తాడే. మిగిలినవాళ్ళకు జేబులో నున్నటి అంచున్న మామూలు చాకు, బండిలో విడిగా కొక్కెం, స్ప్రింగు మొన ఉంటే చాలు.

మడత చాకుకు లాకు అవసరమా? గుంజి కోసే పనికి తప్పకుండా. లాకు లేని చాకు వేళ్ళ మీదికే మూసుకుంటుంది. రకాలు చాలా ఉన్నాయి. 1964లో వచ్చిన బక్ 110 చాకు, పిడి వెన్ను మీద నొక్కితే విడిచే లాకును ఇంటింటి వస్తువు చేసింది. ఒపినెల్ చాకు మెడ దగ్గర తిప్పే ఉంగరం 1955 నాటిది, ఇంతకన్నా సులువైనది ఇప్పటికీ రాలేదు, కాకపోతే ఒంటిచేత్తో తిప్పలేం. లైనర్ లాకులో పిడి లోపలి రేకు పక్కకొచ్చి అలుగు మడమను ఆపుతుంది. దాన్ని మూయాలంటే బొటనవేలు అలుగు దారిలో పెట్టాల్సిందే. ఆపద సంగతికొస్తే మూయడం కన్నా తెరవడం ముఖ్యం. రెండో చెయ్యి మనిషినో తాడునో పట్టుకుని ఉంటుంది కాబట్టి ఒంటిచేత్తో, తొడుగుతో కూడా తెరుచుకోవాలి. 1981లో స్పైడర్కో తన వర్కర్ చాకు అలుగులో పెట్టిన గుండ్రటి రంధ్రం ఈ పనికి నేటికీ నా మొదటి ఎంపిక. చిన్న బొడిపెలాంటి మీట తడి చేతికి జారుతుంది, రంధ్రంలో బొటనవేలి కండ దిగి కూర్చుంటుంది.

ఇక్కడే చట్టంతో పేచీ వస్తుంది. వేళ్ళను కాపాడే లాకు, ఒంటిచేత్తో తెరుచుకునే వీలు, ఈ రెండే చాలా దేశాల చట్టాలకు నచ్చనివి. బ్రిటన్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం అంచు 3 అంగుళాలు మించని మడత చాకును కారణం చూపకుండా వెంట తీసుకెళ్ళొచ్చు, కానీ లాకు ఉంటే అది మడత చాకు కింద లెక్కకు రాదని అక్కడి కోర్టులు తేల్చాయి. జర్మనీలో ఒంటిచేత్తో తెరిచి లాకు వేసే చాకుల మీద 2008 నుంచి ఆంక్షలున్నాయి. మీరుండే చోట నిబంధన ఏమిటో కొనేముందే చూసుకోండి. విమానంలో చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గరే దాన్ని వదులుకోవాలి. పదును లోపలే ఉండే కొక్కెం కట్టర్‌కు ఇలాంటి తలనొప్పులు తక్కువ. నేను దానివైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

ఉక్కు గురించి ఎన్ని గంటలైనా వాదించుకోవచ్చు, వాదించుకుంటారు కూడా. ఈ పనికి అంత అక్కర్లేదు. ఏళ్ళ తరబడి వాడకుండా బండిలో పడుండే వస్తువుకు ముఖ్యం తుప్పు పట్టకపోవడం. డీ2 అనే ఉక్కులో 12 శాతం దాకా క్రోమియం ఉన్నా, 1.5 శాతం కార్బన్ అందులో చాలా భాగాన్ని కార్బైడ్లుగా కట్టేసుకుంటుంది, అందుకే తేమలో మచ్చలు పడుతుంది. రోజూ తుడిచి వాడేవాళ్ళకు అది మంచి ఉక్కే, మర్చిపోయేవాళ్ళకు కాదు. 14సీ28ఎన్, వీజీ-10 లాంటివి మామూలు వాడకానికి నిశ్చింత. సముద్రం మీద తిరిగేవాళ్ళకు హెచ్1, ఎల్‌సీ200ఎన్ ఉన్నాయి. వీటిలో కార్బన్ తగ్గించి నత్రజనిని కలుపుతారు, ఉప్పునీళ్ళకు బెదరవు. అలుగు మీద ‘స్టెయిన్‌లెస్’ అని మాత్రమే రాసి రకం పేరు చెప్పని చాకును వదిలేయండి.

చేతిలోకి తీసుకున్నాక

దుకాణంలో నేను చూసేవి కొన్నే. తెరిచి అలుగును అటూఇటూ ఊపితే కదలకూడదు. లైనర్ లాకైతే రేకు అలుగు మడమ మీద కనీసం మూడో వంతు దాకా వచ్చి ఆనుకోవాలి, అంచుకు తగిలీ తగలనట్టుంటే కొత్తదైనా వద్దు. వేళ్ళు దారిలో లేకుండా పట్టుకుని వెన్ను మీద మెల్లగా తడితే లాకు జారకూడదు. మూసి ఉన్నప్పుడు అద్దం మొన అరచేతిలో గుచ్చుకుంటోందా చూడాలి. జేబులో ఫోను పక్కనే పెడితే తెర మీద గీత ఖాయం, అద్దం పగలగొట్టడానికే చేసిన మొన అది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు లాకును ఎడమ చేత్తోనే తీసి చూడాలి, చాలా చాకులు వాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

ఇంటికొచ్చాక పని కొంచెమే. ఇరుసు దగ్గర నూగు తీసి ఒక చుక్క నూనె వేయడం, ఉప్పునీళ్ళు తగిలితే మంచినీళ్ళతో కడగడం, స్క్రూలు వదులయ్యాయేమో చూడడం. పళ్ళ అంచును చదును రాయి మీద రుద్దితే పళ్ళు అరిగిపోతాయి. సన్నగా మొదలై లావయ్యే సానకడ్డీతో, వాలు చెక్కి ఉన్న వైపు నుంచి మాత్రమే, ఒక్కో పన్నులో నాలుగైదుసార్లు తిప్పాలి. రెండో వైపు వచ్చిన పొరను ఒకసారి తుడిచేస్తే చాలు.

ఎక్కడ పెట్టాలన్నదే మళ్ళీ మొదటికొస్తుంది. ముందున్న పెట్టెలో పెడితే గుద్దుకున్నాక మూత తెరుచుకోకపోవచ్చు, లేదా బెల్టు బిగిసి చెయ్యి అంత దూరం వెళ్ళకపోవచ్చు. ఊరికే సీటు పక్కన పడేస్తే ప్రమాదంలో అదే ఎగిరి తగులుతుంది. బెల్టు పెట్టుకుని, సీటుకు వీపు ఆనించి, రెండు చేతుల్లో ఏదో ఒకటే వాడి అందుకోగలిగిన చోట గట్టిగా బిగించాలి. నేను ముందు సీట్ల నడుమ గేరు దిమ్మకు పక్కగా బిగించాను, డ్రైవరుకూ పక్కవాళ్ళకూ అందాలని. ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి కళ్ళు మూసుకుని తీయమన్నాను. మా అబ్బాయి ఠక్కున తీశాడు. మా ఆవిడ చెయ్యి దాని మీదుగా రెండుసార్లు వెళ్ళి ఉత్త చేత్తోనే వెనక్కి వచ్చింది. ఒక జానెడు ముందుకు జరిపి, నారింజ రంగు పట్టీ ముక్క ఒకటి వేలాడేలా కట్టాను. మూడోసారికి ఆ పట్టీ ఆమె వేళ్ళకు తగిలింది.